నిలకడ మీద నిలకడ

సోనీ వారి ప్లేస్టేషన్ 3కి ఒక మంచి అలవాటు ఉంది. నెట్ తగలగానే ఆట సంగతి పక్కన పెట్టి ముందు కంపెనీ సర్వర్‌ని పలకరిస్తుంది. అక్కణ్నుంచి ఓ చిన్న టెక్స్ట్ ఫైలు తెచ్చుకుని, అందులో రాసిన వెర్షన్ నంబరు తన ఒంట్లో ఉన్నదానికన్నా పెద్దదా అని చూసుకుంటుంది. పెద్దదైతే ఆన్‌లైన్ ఆట బంద్. కొత్త ఫర్మ్‌వేర్, అంటే పెట్టెని నడిపే సాఫ్ట్‌వేర్, దిగాలి, ఎక్కాలి, పెట్టె ఆగి మళ్ళీ లేవాలి. ఆదివారం భోంచేసి ఓ గంట ఆడుకుందామని కూర్చున్నవాడు టీ వేళదాకా తెరమీద గీత ఎంతవరకు పాకిందో చూస్తూ ఉంటాడు.

ఇంత హింసా దేనికయ్యా అంటే, కింద కంపెనీ సంజాయిషీ ఉంటుంది: సిస్టమ్ నిలకడ మెరుగుపరిచాం. ఆ పెట్టె 2006 నవంబరులో బజారుకొచ్చింది. కొత్త ఆటలు రావడం ఎప్పుడో ఆగిపోయినా 2024లో కూడా దానికి అప్‌డేట్ వచ్చింది. బ్లూరే డిస్కుల తాళాలు మార్చాలట. ఏళ్ళ తరబడి ఇంత మెరుగుపడ్డాక అది భూకంపం వచ్చినా చలించకూడదు.

ఈ నిలకడ భరించలేనివాళ్ళు కనిపెట్టిన ఉపాయంలో కథానాయిక ఫోను. ఆ టెక్స్ట్ ఫైలు ఏ తాళమూ లేకుండా వస్తుంది కాబట్టి దారిలో ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు. ఫోనులో ప్రాక్సీ యాప్ ఒకటి తెరిచి, పెట్టె సెట్టింగుల్లో ఫోను అడ్రసు కొట్టేస్తే, ఇక పెట్టె మాటలన్నీ ఫోను చేతిమీదుగానే పోతాయి. "కొత్తదేమైనా వచ్చిందా?" అని పెట్టె అడుగుతుంది. ఫోను ఫైల్లో నంబరు దిద్ది, "అబ్బే, నువ్వున్నదే లేటెస్టు" అంటుంది. అంతే, కొన్ని వేల కోట్ల లెక్కలు సెకనులో తేల్చే సెల్ ప్రాసెసర్ చెవిలో పువ్వు.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. సినిమాకి పోయిన మిత్రుడి కోసం వెనక బెంచీలోంచి గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అనడంలో ఆరితేరిన జాతి మనది. అక్కడ లేని కుర్రాణ్ని ఉన్నాడంటారు, ఇక్కడ ఉన్న అప్‌డేటుని లేదంటారు. అబద్ధమాడినా అతికినట్టుండాలన్న సూత్రం రెండుచోట్లా ఒకటే.

డబ్బు పోసి కొన్న పెట్టెతో ఈ దొంగాట దేనికని అడగొచ్చు. అసలు తంతు 2010 ఏప్రిల్ ఒకటిన జరిగింది. తేదీ నేను పెట్టింది కాదు, సోనీ వారే ముచ్చటపడి పెట్టుకున్నారు. ఆ పెట్టె మొదట అమ్మినప్పుడు అందులో లైనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకునే సౌకర్యం ఉండేది. పేరు అదర్ ఓఎస్. దీన్ని ఆటవస్తువు అనకండి, కంప్యూటర్ అనండి అని దాని జనకుడు కెన్ కుతరాగి చెప్పుకునేవారు. అమెరికాలో 499 డాలర్లూ, 599 డాలర్లూ పోసి కొన్నవాళ్ళలో కొందరు ఆ మాట నమ్మే కొన్నారు. మూడున్నరేళ్ళు తిరక్కుండా 3.21 అప్‌డేట్ వచ్చి ఆ సౌకర్యాన్ని పీకేసింది. కారణం భద్రతట. ఇష్టం లేనివారు అప్‌డేట్ మానుకోవచ్చని దయతలిచారు కూడా. మానుకుంటే ఆన్‌లైన్ ఆటలుండవు, కొత్త డిస్కుల్లో కొన్ని ఆడవు. అంతకుమించి ఏ బలవంతమూ లేదు.

ఈ దెబ్బ అమెరికా వైమానిక దళానికి కూడా కాస్త తగిలింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ పట్నంలో వాళ్ళ పరిశోధనశాల 1,760 ప్లేస్టేషన్లు కలిపి కాండర్ అనే సూపర్ కంప్యూటర్ కట్టుకుంది. అంత శక్తి అంత చవగ్గా మరోచోట దొరకలేదు మరి. వాటితో వాళ్ళు సోనీ నెట్‌వర్క్‌లో ఆటలాడేవాళ్ళు కాదు గనక ఉన్నవి క్షేమంగానే ఉన్నాయి. పాడైతే మాత్రం బదులు తెచ్చుకునే కొత్త పెట్టెలో లైనెక్స్ ఉండేది కాదు. లోకం మీద బాంబులు వేయగల సైన్యం ఓ ఆటల కంపెనీ అప్‌డేట్ ముందు చేతులు కట్టుకోవడం చూడముచ్చటైన దృశ్యం.

పోనీ, భద్రతైనా దక్కిందా? అదే ఏడాది డిసెంబరులో బెర్లిన్‌లో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో అనే హ్యాకర్ల బృందం సోనీ డిజిటల్ సంతకం గుట్టు విప్పింది. సంతకం చేసినప్పుడల్లా ఎవరూ ఊహించలేని కొత్త నంబరు ఒకటి కలపాలి. సోనీ వారు ప్రతిసారీ ఒకే నంబరు కలిపారు. రెండు సంతకాలు పక్కపక్కన పెట్టి లెక్క కడితే రహస్య తాళంచెవి బయటపడుతుంది. ఏళ్ళుగా వాగ్దానం చేస్తున్న నిలకడ ఎక్కడుందా అని వెతికితే, ఏది క్షణక్షణం మారాలో సరిగ్గా అక్కడ దొరికింది. ఆ వెంటనే జార్జ్ హాట్జ్ అనే కుర్రాడు అసలు తాళంచెవిని బయటపెడితే అతని మీద దావా వేశారు. మళ్ళీ ఏప్రిల్ వచ్చేసరికి ఎవరో ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకే దూరారు. 7.7 కోట్ల ఖాతాల వివరాలు దొంగల పాలయ్యాయి. మూడు వారాలకు పైగా నెట్‌వర్క్ మూతపడింది. ఈసారి అప్‌డేట్ అవ్వాల్సింది వినియోగదారుడి పెట్టె కాదు పాపం.

అలాగని ఫోను చేత అబద్ధమాడించిన ప్రతివాడూ హక్కుల వీరుడేం కాదు. లైనెక్స్ ఎలా ఉంటుందో కూడా చూడనివాళ్ళు, పెట్టె తాళం తీస్తే ఊరికే వచ్చే ఆటల మీదే కళ్ళున్నవాళ్ళు ఆ గుంపులో బోలెడు. అరవై డాలర్ల ఆట ఉచితంగా దింపుకుని, "నా పెట్టె నా ఇష్టం" అని ఉపన్యసిస్తారు. ఆ ఆట తయారుచేసినవాడి ఇష్టం ఏమిటో అడిగిన పాపాన పోరు.

అదర్ ఓఎస్ పోయిందని వేసిన దావా ఎనిమిదేళ్ళు నలిగింది. 2018లో 37.5 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. తలకి 65 డాలర్లు మించకుండా పంచాలన్నారు. వకీళ్ళ వాటా ముందు తీసి పెట్టాక.

కంపెనీలు కూడా పాఠం నేర్చుకున్నాయి. నింటెండో వారి స్విచ్ అప్‌డేట్ అయినప్పుడు కొన్నిసార్లు చిప్ లోపలి ఫ్యూజుల్ని కాల్చేసుకుంటుంది. కాలినవాటిని లెక్కపెట్టి, పాత ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే పని చేయనంటుంది. దానికి ఏ ఫోనూ అబద్ధం చెప్పలేదు. 2025లో అదే కంపెనీ అమెరికాలో షరతులు మార్చి, మాట వినకపోతే మీ పరికరాన్ని శాశ్వతంగా పనికిరాకుండా చేయవచ్చని రాసుకుంది. ఇంతకన్నా నిలకడైన స్థితి యంత్రానికి ఏముంటుంది?

మరోపక్క సెకండ్ హ్యాండ్ బజారు తన పద్ధతిలో తీర్పు చెప్పేసింది. ప్లేస్టేషన్ 4 అయినా 5 అయినా, తాళం తీయడానికి వీలున్న పాత ఫర్మ్‌వేర్ మీదున్న పెట్టె కోసం వెతుక్కునేవాళ్ళు నాలుగు డబ్బులు ఎక్కువే ఇస్తారు. అందుకే అమ్మేవాడు వెర్షన్ నంబరు కనిపించేలా తెరని ఫొటో తీసి పెడతాడు. కంపెనీ చేసిన మెరుగుదల ఒక్కటీ దీనికి సోకలేదని హామీ ఇస్తాడు. కొనేవాడు ఆ నంబరు రెండుసార్లు చూసుకుని, బేరమాడకుండా డబ్బు కట్టి, పెట్టెని ఇంటికి తీసుకెళ్ళి, వైఫై మాత్రం తగిలించడు.