కన్సోల్ ముందు చేతులు కట్టుకుని కూర్చోండి

క్లౌడ్ కోర్సులో చేరగానే కన్సోల్ తెరిచి సర్వర్ ఎలా పెట్టాలో, ఎలా ఆపాలో, ఏ బటన్ ఎక్కడుందో చూపిస్తారు. ఎంత చకచకా నొక్కితే అంత పనిమంతుడన్నమాట. ఉద్యోగంలో చేరాక కూడా అదే లెక్క. అలర్ట్ రాగానే లాగినై, రెండు క్లిక్కులతో సర్దేసినవాడే మొనగాడు. నేను చెప్పబోయే చిట్కాలు దీనికి పూర్తిగా ఎదురు. మీ టీమ్ లీడ్ చూస్తే కుర్రాళ్లను చెడగొడుతున్నానంటారు. అయినా పాటించమనే చెబుతున్నాను.

మొదటిది: ఫుల్ అడ్మిన్ యాక్సెస్ ఇస్తామంటే వద్దనండి. అది మీ మీద నమ్మకానికి గుర్తని మురిసిపోకండి. రోజూ చేసేది చూడటమే కాబట్టి, చూడటానికి మాత్రమే పనికొచ్చే లాగిన్ ఒకటి తీసుకోండి. మార్చే అధికారం ఉన్న లాగిన్ వేరేగా పెట్టుకుని, పని పడ్డప్పుడే వాడి, పని కాగానే బయటికి వచ్చేయండి. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీకి ఏమైందో గుర్తు చేసుకోండి. దుండగుడు వాళ్ల అమెజాన్ కంట్రోల్ ప్యానెల్‌లోకి దూరాడు. వాళ్లు వెళ్లగొట్టబోయేసరికి కసికొద్దీ డిలీట్ చేస్తూ పోయాడు. బ్యాకప్‌లు కూడా అదే ప్యానెల్ కింద ఉండటంతో అవీ చాలావరకు పోయాయి. కంపెనీ మూతపడింది. అందుకే బ్యాకప్ ఉండే అకౌంట్ వేరే, దాని తాళం వేరే మనిషి దగ్గర. మీరు అడిగినా తెరుచుకోకూడదు.

రెండోది: ప్రొడక్షన్ స్క్రీన్‌ని చూడటానికే ఇబ్బందిగా తయారు చేయండి. అన్ని సర్వర్లకూ ఒకే నల్ల స్క్రీన్, ఒకే తీరు ప్రాంప్ట్ ఉంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ రాత్రి పొద్దుపోయాక ఆ పోలికే కొంప ముంచుతుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో అదే జరిగింది. ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఖాళీ డైరెక్టరీ తుడిచేస్తున్నాననుకున్నాడు. ఉన్నది మాత్రం అసలు సర్వర్‌లో. ఒకటి రెండు సెకన్లలోనే తేరుకుని ఆపాడు, కానీ అప్పటికే సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్‌ల వైపు చూస్తే, రోజువారీ బ్యాకప్ ఎన్నాళ్లుగానో చడీచప్పుడు లేకుండా ఫెయిలవుతోంది. ఫెయిలైందని వెళ్లాల్సిన మెయిళ్లు కూడా చేరడం లేదు. ఆరు గంటల ముందు ఆ ఇంజినీరే వేరే పని కోసం తీసుకున్న కాపీ ఉండబట్టి గట్టెక్కారు. ఆ మధ్యలో ఆరు గంటల డేటా పోయింది. తర్వాత వాళ్లు రాసుకున్న పనుల్లో, ఏ సర్వర్‌లో ఉన్నామో కొట్టొచ్చినట్టు కనిపించేలా ప్రాంప్ట్ మార్చడం ఒకటి. మీరు ఈరోజే మార్చండి. ప్రొడక్షన్‌కి ముదురు ఎరుపు పెట్టండి, కళ్లు మండినా సరే.

ఇంకో సంగతి కూడా అక్కడే నేర్చుకోవాలి. వాళ్లు దాచలేదు. రిపేరు పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, కారణాలన్నీ రాసి అందరి ముందూ ఉంచారు. ఆ ఇంజినీరు పేరుని బలిపెట్టలేదు. మన ఆఫీసుల్లో మాత్రం ముందు 'ఎవడు చేశాడు?' అంటారు, ఆ తర్వాతే 'ఏం జరిగింది?' అంటారు. మొదటి ప్రశ్నకు భయపడే కుర్రాడు రెండో ప్రశ్నకు నిజం చెప్పడు.

మూడోది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. కన్సోల్‌లో సర్వర్ కనిపించకపోతే ఏమీ చేయకండి. అమెజాన్ కన్సోల్‌లో పైన కుడివైపు రీజియన్ పేరు ఉంటుంది. మీ సర్వర్లు ముంబైలో ఉండి, స్క్రీన్ హైదరాబాద్ రీజియన్ మీద ఉంటే (2022 నవంబర్ నుంచి మనకూ ఒకటి ఉంది) లిస్టు ఖాళీగా కనిపిస్తుంది. గుండె గుభేలుమంటుంది. ఆ కంగారులో కొత్త సర్వర్ పెట్టేస్తారు, అది ఎవరి కంటా పడకుండా నెలల తరబడి బిల్లు తింటుంది. ముందు ఆ మూల చూడండి. ఇక స్టాప్, రీబూట్, టెర్మినేట్ మూడూ ఒకే మెనూలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. టెర్మినేట్ కొడితే మామూలుగా సర్వర్ రూట్ డిస్క్ కూడా దాంతోపాటే పోతుంది. స్టాప్‌లో కూడా మెలికలున్నాయి. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు, విడిగా ఫిక్స్ చేసుకోకపోతే, పబ్లిక్ ఐపీ మారిపోతుంది. సర్వర్‌కే అతుక్కుని ఉండే తాత్కాలిక డిస్క్‌లోది తుడిచిపెట్టుకుపోతుంది. టెర్మినేషన్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్ దానంతటది ఆన్ కాదు, మీరే పెట్టాలి. పెట్టాక అది అడ్డం పడినప్పుడల్లా చిరాకేస్తుంది. ఆ చిరాకు కోసమే అది ఉంది.

నాలుగోది: ఆకుపచ్చ టిక్కుని నమ్మకండి. స్టేటస్ చెక్ పాసైందంటే మెషీన్ బతికుందని మాత్రమే. డిస్కు నిండిపోయి మీ సైట్ తెరుచుకోకపోయినా ఆ టిక్కు అలాగే ఉంటుంది. 2017 ఫిబ్రవరి 28న ఉత్తర వర్జీనియాలో అమెజాన్ ఎస్3 పడిపోయినప్పుడు, వాళ్ల స్టేటస్ పేజీని మార్చే కన్సోల్ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉంది. సగం ఇంటర్నెట్ అల్లాడుతుంటే ఆ పేజీ కొంతసేపు అంతా బాగున్నట్టే చూపించింది. బయటి నుంచి, కస్టమర్ చూసే దారిలోనే వెళ్లి, పేజీ తెరిచి చూసుకోండి. ఆ రోజు ఎస్3 పడిపోవడానికి అసలు కారణం ఏమిటంటే, కొన్ని సర్వర్లు తీసేయబోయి కమాండ్‌లో ఒక విలువ తప్పు ఇవ్వడంతో చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. తర్వాత వాళ్లు ఆ టూల్‌ని నెమ్మదిగా పనిచేసేలా మార్చారు. ఇది నాకెంతో నచ్చిన మార్పు. వేగం పెంచమని మేనేజర్ అడిగినప్పుడు ఈ సంగతి చెప్పండి.

రీబూట్ విషయం రెండు ముక్కల్లో. సర్వర్‌కి జబ్బు చేసినప్పుడు వెంటనే రీబూట్ కొట్టకండి, మెమరీలో ఉన్న ఆధారాలన్నీ పోతాయి. బాగున్నప్పుడే, అందరికీ చెప్పి, పగలు రీబూట్ చేయండి. వెయ్యి రోజులుగా ఆగని సర్వర్ అని గొప్పలు చెప్పుకునేవాళ్లు, అన్నాళ్లుగా కెర్నల్ ప్యాచ్‌లు పట్టలేదని ఒప్పుకుంటున్నట్టే.

చివరిగా, కన్సోల్ లేకుండా బతకడం నేర్చుకోండి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్‌లో మెయింటెనెన్స్ కోసం ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్ల మధ్య లింకులన్నీ తెంచేసింది. తప్పు కమాండ్లను ఆపాల్సిన టూల్‌లోనే బగ్ ఉంది. లోపలి టూల్సూ పనిచేయలేదు. ఇంజినీర్లు స్వయంగా డేటా సెంటర్లకు పోవాల్సి వచ్చింది. తిరిగి నిలబడేసరికి దాదాపు ఆరు గంటలు. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్‌లో కూర్చుని అమెరికా సర్వర్లు చూసే మనకైతే అలా నడిచి వెళ్లే దారి కూడా లేదు. కాబట్టి డేటా సెంటర్ వాళ్ల నంబరు, క్లౌడ్ సపోర్ట్ నంబరు, అకౌంట్ ఐడీ, అవతలి ఊళ్లో మెషీన్ దగ్గరికి వెళ్లగల మనిషి నంబరు కాగితం మీద రాసి డెస్క్ దగ్గర అంటించండి. పాస్‌వర్డ్ మాత్రం ఆ కాగితం మీద వద్దు. నెలకోసారి అందులో ఒక నంబరుకి ఫోన్ చేసి, ఎవరైనా ఎత్తుతున్నారో లేదో చూడండి.