పుట్టినరోజు ట్యాబు, పుట్టెడు యాప్‌లు

బడి జూన్‌లో మొదలవుతుందని ఇన్నాళ్ళూ పొరబడ్డాం. డిజిటల్ బడి డిసెంబరు 21న మొదలవుతుంది. 2022లో ఆ తేదీనే బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపకం మొదలైంది. 2023లో మళ్ళీ అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో మొదలైంది. ఆ రోజు ప్రత్యేకత ఏ విద్యావేత్తకూ అంతుపట్టదు గానీ, పార్టీ కార్యకర్తనడిగితే తడుముకోకుండా చెబుతాడు: నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డిగారి పుట్టినరోజు. ఏలినవారు జూన్‌లో పుట్టి ఉంటే పిల్లలకు ఆరు నెలల చదువు కలిసొచ్చేది. ఇందులో ప్రభుత్వం తప్పేమీ లేదు, తప్పంతా పంచాంగానిది. డిసెంబరు చివర్లో ట్యాబు చేతికొస్తే, నాలుగు వారాలు తిరక్కుండా సంక్రాంతి. భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరులు సిద్ధమయ్యే వేళకి ఏ పిల్లవాడు బీజగణితం తెరుస్తాడో ఆ బీజగణితానికే తెలియాలి.

లెక్కలు మాత్రం ఘనంగా ఉన్నాయి. మొదటి ఏడాది 5,18,740 ట్యాబులు. అందులో పిల్లలకు 4,59,564, టీచర్లకు 59,176. ఖర్చు 686 కోట్ల రూపాయలు. రెండో ఏడాది మరో 4,34,185 మంది పిల్లలకు, మరో 620 కోట్లు. ఇంత నిక్కచ్చిగా చివరి అంకె దాకా చెప్పగలిగిన ప్రభుత్వం, ఆ పిల్లల్లో ఎంతమందికి భాగహారం వచ్చిందో మాత్రం చెప్పలేదు. ట్యాబుకు సీరియల్ నంబరు ఉంటుంది, సంతకం ఉంటుంది, ఫొటో ఉంటుంది. భాగహారానికి ఇవేవీ ఉండవు. అయిదో తరగతి పిల్లల్లో చాలామందికి రెండో తరగతి వాచకం చదవడం రాదని ‘అసర్’ సర్వేలు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నాయి. ఆ మొత్తుకోలుకు రిబ్బను కట్టి కత్తిరించడం కుదరదు కాబట్టి వేదిక మీదికి రాలేదు.

అసలు కథ 2022 జూన్‌లో ఉంది. ఆ నెల 10న జీవో 117 వచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని ఊళ్ళో ప్రాథమిక పాఠశాల నుంచి పెకలించి హైస్కూళ్ళలో కలిపే ఏర్పాటది. చాలా ఊళ్ళలో బడికి మిగిలింది ఒకటీ రెండూ తరగతులు, ఒంటరి టీచరు. సరిగ్గా ఆరు రోజులకు, జూన్ 16న, ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా దేశంలోకెల్లా మేటి పాఠాలు పేదపిల్లల అరచేతిలోకి, అదీ ఉచితంగా. ఊళ్ళో ఉన్న మేస్టారు పక్క ఊరికి, బెంగళూరులో ఉన్న మేస్టారు పిల్లవాడి అరచేతిలోకి. ఒకే వారంలో ఇన్ని బదిలీలు ఏ కౌన్సెలింగులోనూ జరగలేదు.

ఈ అరచేతి బడి కోనసీమ లంకల్లో ఎలా నడవాలో చూడండి. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక అని లంక గ్రామాలున్నాయి. గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే రేవులో వేసుకున్న తాత్కాలిక గట్టు కొట్టుకుపోతుంది. ఇక రాకపోకలన్నీ పడవ మీదే. బియ్యం, గ్యాసుబండ, పురిటి మనిషి, బడిపిల్లలు, అందరికీ ఒకటే పడవ. వరద ముదిరితే ఆ పడవా ఆగుతుంది, కరెంటూ ఆగుతుంది. అలాంటి చోట కూడా ట్యాబు పనిచేస్తుందని సర్కారువారు ముందుచూపుతో పాఠాలన్నీ మెమొరీ కార్డులో నింపి ఇచ్చారు. ఇంటర్నెట్ అక్కర్లేదు. కావలసిందల్లా ఛార్జింగు. అదీ ఉంటే, తెర మీద చెబుతున్నది పిల్లవాడికి అర్థమైందా లేదా అని చూసే మనిషి. మెమొరీ కార్డులో పట్టనిది ఆ ఒక్క సరుకే.

అయితే ట్యాబుల వల్ల చదువు అబ్బలేదంటే కళ్ళు పోతాయి. పిల్లలు పాఠాలు తప్ప మరేదీ చూడకుండా ట్యాబుకు సాఫ్ట్‌వేర్ తాళం వేసి ఇచ్చారు. ఆ తాళాన్ని పిల్లలు ఊడబీకి యూట్యూబూ ఆటలూ చూసుకుంటున్నారని పత్రికల్లో వార్తలొచ్చాయి. గమనించండి: టీచరు చెప్పలేదు, సిలబస్‌లో లేదు, పరీక్షలో మార్కులు లేవు. అయినా ఒకడు కనిపెట్టాడు, పక్కవాడికి విడమరిచి చెప్పాడు, వాడు ఇంకొకడికి నేర్పాడు. వెనకబడిన విద్యార్థి అంటూ ఒక్కడూ లేడు. విద్యాశాస్త్రం కలలుగనే పద్ధతి ఇదే కదా! వెంటనే ఆ పిల్లల్ని సత్కరించాల్సింది పోయి, తాళాలు బాగుచేయించే పనిలో పడ్డారు.

ఇక పాఠాలిచ్చిన కంపెనీ సంగతి. ఒక్కో పిల్లవాడికి 15,500 రూపాయల విలువచేసే పాఠాలు ఊరికే ఇస్తున్నామని సభల్లో చాటారు. 2022లో ఆ కంపెనీ విలువను 2,200 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. 2024 జూలై 16న క్రికెట్ బోర్డు బకాయి కేసులో బెంగళూరులోని కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఆ కంపెనీని దివాలా ప్రక్రియకు పంపింది. అదే ఏడాది అక్టోబరులో వ్యవస్థాపకుడు బైజు రవీంద్రన్ గారే కంపెనీ విలువ సున్నా అన్నారు. రెండేళ్ళలో రెండు వేల కోట్లకు పైగా డాలర్లు సున్నాగా మారే తీసివేత లెక్క ఎనిమిదో తరగతి పుస్తకంలో లేదు. ఇన్నాళ్ళకు యాప్ ఒక పాఠం ఉదాహరణతో సహా చెప్పిందని ఒప్పుకోవాలి.

ఆ రోజుల్లో పిల్లలకు యాప్ ఒకటే. టీచర్లకు పుట్టెడు. 2022 ఆగస్టు 16 నుంచి ముఖం చూపించి హాజరు వేయించుకునే యాప్. పిల్లల హాజరుకు ఒకటి. మధ్యాహ్న భోజనానికి, గుడ్లకు, చిక్కీలకు లెక్కలు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందనడానికి ఫొటో. నెట్‌వర్కు అందక, సెల్లు పైకెత్తుకుని బడి గోడల చుట్టూ ప్రదక్షిణలు చేసే మేస్టారిని చూసి మొక్కు తీర్చుకుంటున్నారేమో అనుకోవాల్సి వచ్చేది. అలాంటి వేళలో కోనసీమ తండ్రి ఒకాయన బడికొస్తే సంభాషణ ఇలా సాగేది:

“మేస్టారండీ, మావోడికి ఎక్కుతోందాండీ?”

“ఇంకా ఎక్కలేదండీ, మధ్యలో ఆగిపోతోంది.”

“మరి ట్యూషనేమన్నా పెట్టించమంటారాండీ?”

“మీవాడి సంగతి కాదండీ బాబూ, మరుగుదొడ్డి ఫొటో.”

“ఆయ్... మరి మావోడండీ?”

“వాడి సంగతికి యాప్ లేదండీ. అందుకే ఇంకా చూడలేదు.”

2024లో ప్రభుత్వం మారింది. పుట్టినరోజు ట్యాబుల ముచ్చట తీరిపోయింది. 2025లో జీవో 117 కూడా పోయింది. యాప్‌ల భారం తగ్గిస్తామని విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ గారు మాటిచ్చారు, ఇచ్చిన మాట ప్రకారం అవన్నీ కలిపి ‘లీప్’ అని ఒకే యాప్ తెచ్చారు. ఇదివరకు పది చోట్ల నింపిన గళ్ళను ఇప్పుడు ఒకేచోట నింపవచ్చు. గళ్ళు తగ్గించడం తరవాతి సంస్కరణ కాబోలు. ఈలోగా తల్లిదండ్రుల, టీచర్ల మెగా సమావేశాలు పెట్టి, ఎంతమంది వచ్చారో లెక్కతీసి, గిన్నిస్ రికార్డు వైపు చూపు సారించారు. రంగులు మారాయి, పేర్లు మారాయి, లెక్కపెట్టే జబ్బు మాత్రం ప్రభుత్వోద్యోగిలా పర్మనెంటు.

ఇంత చెప్పాక ట్యాబును తిట్టడం అన్యాయం. అది పాపం ఏ పార్టీలోనూ లేదు. పెరూ దేశం ఎనిమిది లక్షలకు పైగా చిన్న ల్యాప్‌టాప్‌లు బడిపిల్లలకు పంచింది. లెక్కల్లోనూ భాషలోనూ ఏ మార్పూ కనబడలేదని 2012లో పరిశోధకులు తేల్చారు. మరి ఢిల్లీలో? మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచిన కేంద్రాల్లో నాలుగున్నర నెలలకే పిల్లలు లెక్కల్లో, హిందీలో గట్టిగా మెరుగుపడ్డారని కార్తీక్ మురళీధరన్ బృందం 2019లో ప్రచురించింది. తేడా యంత్రంలో లేదు. ఆ సాఫ్ట్‌వేర్ ముందుగా పిల్లవాడికి ఏది రాదో కనిపెట్టి, తరగతి ఏదైనా సరే, వాడు ఆగిపోయిన చోటి నుంచే లెక్క అందించింది. పక్కన కూర్చుని సందేహం తీర్చే మనిషినీ ఉంచారు. మన రాష్ట్రంలోనే కొన్ని ప్రభుత్వ బడుల్లో ‘పాల్’ పేరుతో ఇదే పద్ధతిలో ట్యాబులు వాడుతున్నారు. దానికి పుట్టినరోజు సభ లేదు, హెలికాప్టరు లేదు. అందుకే చాలామందికి ఆ పేరే తెలియదు. అటు పుట్టినరోజు ట్యాబేమో ఎనిమిదో తరగతి వాళ్ళందరికీ ఎనిమిదో తరగతి పాఠమే చూపించింది, మూడో తరగతి దగ్గరే ఆగిపోయిన పిల్లవాడికి కూడా.

వస్తువు ఒక్కటే చాలదన్న సంగతి గోదావరి వాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట ముగించాడు. ఆ రాళ్ళకట్ట ఒక్కటే కట్టి, ఫొటో తీయించుకుని వెళ్ళిపోయి ఉంటే డెల్టా ఎండిపోయే ఉండేది. కాలువలు తవ్వించాడు, లాకులు పెట్టించాడు. ఆ నీరు చివరి చేనుదాకా పారింది. ట్యాబుల విషయంలో మనం ఆనకట్ట దగ్గరే చప్పట్లు కొట్టి ఆగిపోయాం. తరగతి గదిలో కాలువ తవ్వాల్సిన టీచరును గుడ్లు లెక్కపెట్టడానికి పంపాం.

కాబట్టి ఏ ప్రభుత్వమైనా సరే, ఈసారి పంపకాల సభ పెడితే ఒక చిన్న విన్నపం. ట్యాబు అందిస్తూ ఫొటో దిగే ముందు, ఆ పిల్లవాడి చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి మైకు ముందు నాలుగు వాక్యాలు చదివించండి. తరవాత బోర్డు మీద ఒక భాగహారం చేయించండి. చదివితే, చేస్తే, ట్యాబు ఇవ్వండి, మేమూ చప్పట్లు కొడతాం. చదవలేకపోతే వాణ్ణి ఏమీ అనకండి. వాడికి నేర్పాల్సిన టీచరు చేత ఏయే గళ్ళు నింపిస్తున్నారో ఆ జాబితా అదే మైకులో చదవండి. కానీ ఖర్చు లేదు, టెండరు లేదు, దివాలా తీసే కంపెనీ లేదు. జనాన్ని బస్సుల్లో తోలుకురానక్కర్లేదు, తల్లిదండ్రులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఆ సభకు డేటు దొరకనిది మంత్రులకే.