కాకినాడ ఉక్కలో గులాబీ దొరగారు

గులాబీ కొనేవాడు మొక్కని చూడడు, దానికి వేలాడే అట్టముక్క మీద బొమ్మని చూస్తాడు. పోనీ మొక్కనే చూద్దామన్నా అక్కడ చూడ్డానికి ఏముంటుంది? ఓ నల్ల కవరు, గుప్పెడు ఎర్రమట్టి, రెండు మూడు ముళ్ల పుల్లలు. బొమ్మలో మాత్రం అరచెయ్యంత పువ్వు, దానిమీద మంచు బొట్లు. ఆ మంచు ఏ ఊరిదో ఎవరూ అడగరు.

మా పెద్దబావ కూడా అడగలేదు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ అప్పుకొచ్చిన ప్రతివాడి దగ్గరా పొలం కాగితాలు, హామీదారు, పాత బాకీలు అన్నీ కూపీ లాగిన మనిషి, రిటైరై కాకినాడలో స్థిరపడ్డాక, కడియపులంక నర్సరీల్లో గులాబీని మాత్రం ఊరూ పేరూ విచారించకుండా కారెక్కించేశాడు.

విచారించాల్సింది ఊరే. ఆ పెద్ద పువ్వుల జాతిని హైబ్రిడ్ టీ అంటారు. 1867లో ఫ్రాన్సులో గియో అనే ఆయన తెచ్చిన ‘లా ఫ్రాన్స్’తో ఆ వంశం మొదలైందని చెబుతారు. జగమెరిగిన ‘పీస్’ కూడా ఫ్రాన్సులో మెయాన్ కుటుంబం పుట్టించిందే. 1945లో యుద్ధం ముగుస్తున్న రోజుల్లో దానికా పేరు పెట్టారు. అలాంటి మొక్కని తెచ్చి రోహిణీ కార్తెలో కాకినాడలో నిలబెట్టడమంటే, తెల్లదొరని గోదావరి జిల్లాకి కలెక్టరుగా వేసినట్టే. నిజానికి దొరే నయం. ఎండలు ముదిరితే మద్రాసు ప్రభుత్వం ఫైళ్లతో సహా ఊటీ ఎక్కేసేది. గులాబీకి ఆ సదుపాయం లేదు. ఉన్న కుండీలోనే సెలవు గడపాలి.

ఎండకి మొగ్గ తొందరపడుతుంది. రేకులు చిన్నవవుతాయి, వాటి లెక్కా తగ్గుతుంది, రంగు వెలుస్తుంది. పొద్దున్న విచ్చిన పువ్వు భోజనాలవేళకి తల వాల్చేస్తుంది. “ఏమోయ్, బొమ్మలో ముదురెరుపు కదా, ఇదేమిటి ఉతికి ఆరేసినట్టుంది?” అని బావ నన్ను నిలదీశాడు, ఆ బొమ్మేదో నేనే అచ్చేయించినట్టు.

అయినా ఎండొక్కటే అయితే గులాబీ ఎలాగో ఓర్చుకుంటుంది. హైదరాబాదులో ఎండ తక్కువా? కాకపోతే అక్కడ గాలి పొడి. ఆకు తడిసినా ఇట్టే ఆరుతుంది. కాకినాడలో ఆషాఢం వచ్చిందంటే దండెం మీద బనియనే రెండో రోజుకి ఆరదు, ఆకెక్కడ ఆరుతుంది? నల్లమచ్చ తెగులు తెచ్చే శిలీంధ్రానికి కావలసిందల్లా ఓ ఏడు గంటలు ఆరకుండా ఉండే ఆకు. మా బావేమో రోజూ సాయంత్రం పైపు పట్టుకుని, “పాపం, పగలంతా ఎండలో మాడింది” అంటూ ప్రతి మొక్కకీ తలస్నానం చేయించేవాడు. ఏడు గంటలు అడిగినదానికి తెల్లవార్లూ ఇచ్చాడు. బ్యాంకులో ఎవరికీ ఇంత ధారాళంగా మంజూరు చేసిన పాపాన పోలేదు.

శ్రావణం వచ్చేసరికి ఆకులు నల్లమచ్చలేసి, పసుప్పచ్చబడి, రాలి, కుండీల్లో మళ్లీ నర్సరీనాటి పుల్లలే మిగిలాయి. రాలిన ఆకుల్ని బావ శ్రద్ధగా ఏరి అదే కుండీలో ఎరువుగా వేశాడు. అంటే తెగుల్ని కూడా వృథా పోనివ్వలేదన్నమాట. నీళ్లు పొద్దున్నే పొయ్యాలి, మొదట్లో మాత్రమే పొయ్యాలి, రాలిన ఆకు వీధి చెత్తకుండీలోకి పోవాలి, కుండీకీ కుండీకీ మధ్య గాలి ఆడాలి. ఇది చెప్పడానికి నాలాంటివాడు చాలు, వినడానికి మాత్రం బావలాంటివాడు చాలడు.

కత్తిరింపు సంగతి మరీ తమాషా. బావ సంపాదించిన పుస్తకాలన్నీ అక్టోబరులో కత్తిరించమంటాయి. మన గులాబీ విద్యకి పెద్దదిక్కయిన బి.పి. పాల్ గారు ఢిల్లీ ఆయన. భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్. గోధుమ ఆయన వృత్తి, గులాబీ ఆయన వ్యసనం. ఢిల్లీలో అక్టోబరంటే వాన వెళ్లిపోయి చలి గుమ్మంలో నిలబడే నెల. మనకి అక్టోబరంటే వాయుగుండం. తెగిన కొమ్మమీద వాన పడితే కొస నుంచి కిందికి నల్లగా ఎండుకుంటూ పోతుంది. అంచేత ముసురు తెరిపిచ్చేదాకా ఆగాలి, కోసిన చోటల్లా బోర్డో పేస్టు పూయాలి.

ఈ బోర్డో మందుకి ఓ కథ ఉంది. బావకి గులాబీ శాస్త్రం మొత్తంలో నచ్చిన భాగం ఇదొక్కటే. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతాన, బాటపక్క ద్రాక్షపళ్లని దారినపోయేవాళ్లు కోసుకుపోతున్నారని, తోటలవాళ్లు మైలుతుత్తం, సున్నం కలిపి ఆకులమీద చల్లేవారట. ఆ నీలిరంగు చూసి విషమని జడుసుకోవాలని. తీరా చూస్తే ఆ తీగలకే తెగులు అంటలేదు. మిలార్డే అనే ప్రొఫెసరు అది కనిపెట్టి, 1885లో దాన్ని మందుగా లోకానికి చాటాడు. “చూశావా, అసలది దొంగల మందు!” అని బావ ఉత్సాహపడ్డాడు. మా వీధిలోనూ తెల్లవారుజామున ప్లాస్టిక్ కవరుతో వాకింగుకొచ్చే భక్తులున్నారు మరి. గోడమీంచి చెయ్యి చాపి కోసుకోవడం, పట్టుబడితే “దేవుడికండీ” అనడం. దేవుడి పేరు చెప్పాక కేసు నిలబడదు.

ఇంతకీ ఈ ఉక్కకి ఏ గులాబీ కొనాలి? రేకులు మరీ కిక్కిరిసిన రకాలు వద్దు. తేమకి పైరేకులు ఒకదానికొకటి అంటుకుపోయి, మొగ్గ విచ్చకుండా కుళ్లిపోతుంది. బొమ్మలో మనల్ని పడగొట్టేవి సరిగ్గా అవే. గుత్తులుగా పూసే ఫ్లోరిబండాలు కొంత నయం. 1958లో జర్మనీలో కోర్డెస్ సంస్థ తెచ్చిన తెల్ల ‘ఐస్‌బర్గ్’ పేరుకి మంచుకొండే గాని మన ఎండలో నిలదొక్కుకుంటుంది. ఆంధ్రా క్యాడర్ ఐ.ఏ.ఎస్. అధికారి వీరరాఘవన్ గారైతే ఉద్యోగం వదిలేసి కొడైకెనాల్ చేరి, వేడి దేశాలకి సరిపడే గులాబీల కోసమే జీవితం ధారపోశారు. బెంగాల్ చిత్తడినేలల్లో నీళ్లలో నిలబడి బతికే ‘రోజా క్లైనోఫిల్లా’ అనే అడవి గులాబీతో ఇప్పటి రకాలకి వియ్యం కలిపారు. బావ ఈ సంగతి చెప్పి, “చూశావటే, ఐ.ఏ.ఎస్. అంతటివాడే గులాబీకోసం కొలువు కాదనుకున్నాడు” అని అక్క వైపు గర్వంగా చూశాడు.

“ఆయన లేనివాటిని పుట్టించాడు. మీరు ఉన్నవాటిని చంపుతున్నారు” అంది అక్క, కందిపప్పులో రాళ్లేరుతూ.

అక్క గులాబీ పాండిత్యం రెండే ప్రశ్నలు: జడలోకి వస్తుందా, వాసనుందా? ఈ ప్రశ్నలకి సమాధానం చచ్చిపోయిందనుకున్న కుండీలోంచే వచ్చింది. బావ తెచ్చినవాటిలో మోడైన ఓ ‘పీస్’ మొదట్లోంచి ఓ ఎర్రటి చిగురు దూసుకొచ్చి, వేసవి రాకముందే గుత్తులుగా గులాబీరంగు పూలు పూసింది. బావ ఇంటికొచ్చినవాళ్లందరికీ “రంగు మారింది, వాతావరణం మహిమ” అని చూపించాడు. నర్సరీ కుర్రాడు ఫోన్లో ఫొటో చూసి, “రంగు మారడమేంటండీ, పై అంటు పోయి కింద మొక్క లేచిందండీ” అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఏడాకులుంటే అడవి కొమ్మ, అయిదుంటే అసలు కొమ్మ అని మనవాళ్లు లెక్కపెడతారు గాని, ఆ లెక్క నమ్మడానికి లేదు. అసలు గులాబీలకీ ఏడేసి ఆకులుంటాయి. అంటు కట్టిన ముడికి పైన పుట్టిందా, కింద పుట్టిందా, అదొక్కటే చూడాలి.

పూలు చూస్తే ఆ కింది మొక్క ఎడ్వర్డ్ రోజా అని తేలిపోయింది. మన దేశంలో అంటుకి వాడే మొక్కల్లో అదొకటి. దాని పుట్టిల్లు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి, అప్పట్లో బోర్బాన్. చైనా గులాబీ, డమాస్క్ గులాబీ కంచెల్లో పక్కపక్కన పెరుగుతూ కలిసిపోయి దీన్ని కన్నాయంటారు. పుట్టుకే సముద్రపు ఉక్కలో. కాకినాడ దానికో లెక్కా? తమిళనాడులో దీన్నీ, ‘ఆంధ్ర రెడ్’ అనే ఇంకో గులాబీనీ దండల కోసం పొలాల్లో పండిస్తారు. ఆంధ్ర పేరున్నది అక్కడుంటే, మనం ఫ్రాన్సు పేరున్నదానికోసం కారేసుకుని వెళ్తాం. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

అక్క రోజూ జడలో పెట్టుకుంటోంది. బావ మాత్రం దానివంక చూడ్డు. అద్దెకొచ్చినవాడు ఇల్లు కాజేశాడన్నట్టు మాట్లాడతాడు. ఆయన ప్రాణమంతా గోడవారనున్న మరో హైబ్రిడ్ మీద. అది చలికాలంలో ఎట్టకేలకి ఒకే ఒక్క పువ్వు పూసింది, నిజంగానే బొమ్మలోలాగే. దొంగ భక్తుల భయంతో తెల్లవారుజామునే లేచి కిటికీ చాటున కాపలా కాశాడు. కవరావిడ రానే వచ్చింది. ఎడ్వర్డ్ పూలన్నీ దులిపేసి, పక్కనే ఉన్న ఆ అరచెయ్యంత పువ్వుని చూసి, ముక్కు దగ్గరికి వంచుకుని, వదిలేసి కదిలింది.

బావ ఆగలేకపోయాడు. బయటికొచ్చి, “ఏమండీ, ఇది కోసుకోలేదేం?” అన్నాడు.

“వద్దులెండి అన్నయ్యగారూ, దానికి వాసనేదీ? దేవుడికి బాగోదు” అని ఆవిడ చక్కా పోయింది.

ఆ పూట బావ టిఫిను ముట్టలేదు. మర్నాడు వెళ్లి చూద్దును కదా, ఆ కుండీ రెండు ఇటుకలమీద ఎక్కి గోడకి ఆనుకుని ఉంది, వీధిలోంచి చెయ్యి చాపితే అందేటట్టు.