టికెట్ లేని సముద్రం: ఒక అక్రిలిక్ గోడ ఆత్మకథ

నేను దుబాయ్ అక్వేరియం ముఖద్వారంలా నిలబడిన పారదర్శక గోడను. పొడవు 32.88 మీటర్లు, ఎత్తు 8.3 మీటర్లు, మందం 75 సెంటీమీటర్లు. బరువు 245 టన్నుల పైమాటే. 2008 నవంబరులో దుబాయ్ మాల్ తలుపులు తెరిచినప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. నా వెనక కోటి లీటర్ల ఉప్పునీరు, అందులో సొరచేపలు, టేకు చేపలు, గ్రూపర్ చేపలు. నా ముందు మనుషులు. ప్రపంచంలోకెల్లా పెద్ద అక్రిలిక్ పలకనని అప్పట్లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాను. తర్వాత చైనాలోని జుహాయ్‌లో నాకంటే పెద్దది వచ్చింది. అందుకు నాకు బాధ లేదు. నా బతుకులో చెప్పుకోదగ్గ సంగతి కొలతల్లో లేదు, నా ముందు ఎవరు నిలబడగలరన్నదాంట్లో ఉంది. అది చెప్పడానికే ఈ కథ.

ముందు నా పుట్టుక. నన్ను చూసినవాళ్లంతా అద్దమనుకుంటారు. నేను గాజును కాను, పెట్రోలియం నుంచి వచ్చిన ప్లాస్టిక్ జాతిదాన్ని. గాజును ఇంత మందంగా పోస్తే అందులోని ఇనుము వల్ల పచ్చదనం కమ్ముకుని వెనకున్న నీరు మసకబారిపోతుంది. అక్రిలిక్‌కు ఆ రంగు రాదు. బరువు కూడా గాజు బరువులో సగానికి తక్కువే. ముప్పై మూడు మీటర్ల పలకను ఒక్క ముక్కగా ఓడెక్కించి తేలేరు. పలకల మీద పలకలు అంటించి మందం తెస్తారు. ఆ దిమ్మెల్ని కట్టడం దగ్గరికి చేర్చి, అంచుకు అంచు ఆనించి, పలక ఏ ద్రవంతో తయారైందో అదే ద్రవాన్ని సందులో నింపి, వేడితో గట్టిపరుస్తారు. అలా అతికిన చోట అతుకు కంటికి ఆనదు. తర్వాత గరుకు కాగితంతో మొదలుపెట్టి, అంతకంటే సన్నది, ఇంకా సన్నది మారుస్తూ రోజుల తరబడి నునుపు చేస్తారు. ఆ చేతులు ఆగిన రోజున నేను కనబడకుండా పోయాను. నాలాంటి గోడకు అంతకు మించిన గౌరవం లేదు.

కనబడకపోయినా నేను చేసే పని చిన్నది కాదు. నీరు ఒక్క మీటరు లోతుకు దిగితే చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను బరువుతో నెడుతుంది. నా పాదాల దగ్గరకొచ్చేసరికి ఆ తోపు చదరపు మీటరుకు ఎనిమిది టన్నులు. వెనక ఉన్నది చిన్న తొట్టా, మహాసముద్రమా అన్నదానితో ఈ లెక్కకు సంబంధం లేదు, లోతు ఒక్కటే లెక్క. అందుకే కింది అంచు దగ్గర నా కష్టం ఎక్కువ, పై అంచు దగ్గర తక్కువ. పగలూ రాత్రీ తేడా లేకుండా ఆ తోపును ఆపుతూనే ఉంటాను. నా అవతల పంపులు, వడపోత యంత్రాలు, నీటిని చల్లబరిచే యంత్రాలు కూడా అలాగే ఆగకుండా తిరుగుతుంటాయి.

ఇక ఎండాకాలం సంగతి. జులై, ఆగస్టుల్లో ఈ ఊళ్లో ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటుతుంది. ఉక్కపోత దానికి తోడు. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట పని చేయించకూడదని దేశమంతటికీ చట్టం ఉంది. పార్కులు, బీచ్‌లు పగటిపూట బోసిపోతాయి. షికారంటే నీడపట్టునే. మెట్రో దిగి, చల్లని గొట్టంలాంటి వంతెన మీద నడిచి, జనం మాల్‌లోకి వస్తారు. వచ్చినవాళ్లలో చాలామంది కాళ్లు నా వైపే మళ్లుతాయి.

ఒకప్పుడు ఇదే ఎండాకాలంలో ఇక్కడి మనుషులు సముద్రం అడుక్కి పోయేవారు. ముత్యాల వేటకు అదే అదను. ముక్కుకు క్లిప్పు బిగించుకుని, కాలికి రాయి కట్టుకుని మునిగేవాణ్ని గైస్ అనేవారు. పడవ మీద తాడు పట్టుకుని, కింద నుంచి సైగ రాగానే లాగేవాడు సైబ్. ఒకడి ఊపిరి ఇంకొకడి చేతుల్లో ఉండేది. నెలల తరబడి పడవల మీదే బతుకు, పైగా పడవ నాయకుడైన నాఖుదా దగ్గర చేసిన అప్పు. అలా తీసిన ముత్యాలు బొంబాయి బజారుకు చేరేవి, బస్రా ముత్యాలన్న పేరుతో హైదరాబాద్ నవాబుల మెడల దాకా వెళ్లేవి. అక్కడి పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణాల పేరు వెనక ఈ సముద్రం కూడా ఉంది. జపాన్ సాగు ముత్యాలు, ప్రపంచాన్ని కుదిపేసిన ఆర్థిక మాంద్యం కలిసి 1930లలో ఆ వేటను కుప్పకూల్చాయి. 1966లో దుబాయ్ సముద్రంలో చమురు బయటపడింది. ఊరు మారింది, ఎండాకాలపు అలవాట్లు మారాయి. ఎండలో సముద్రంలోకి దిగిన వాళ్ల మనవలు ఇప్పుడు ఎండ తప్పించుకుని నా దగ్గరికొచ్చి సముద్రాన్ని చూస్తున్నారు.

నా కథలో అసలు సంగతికి ఇప్పుడొచ్చాను. లోపల నీటి కింది నుంచి సాగే 48 మీటర్ల సొరంగంలో నడవాలంటే టికెట్ కొనాలి. పైనున్న జంతుశాలకూ టికెట్టే. నా ఎదుట నిలబడటానికి మాత్రం ఎవరూ ఏమీ కట్టనక్కర్లేదు. నేను మాల్ నడవలోకే తెరుచుకుని ఉన్నాను. బంగారం సంచులతో వచ్చినవారూ, జేబులో మెట్రో తిరుగు చార్జీ మాత్రమే మిగిలినవారూ నా ముందు ఒకే వరసలో నిలబడతారు. సొర ఇద్దరి ముందు నుంచీ ఒకే వేగంతో పోతుంది.

సెలవురోజు సాయంత్రం తెలుగు మాట నాకు బాగా వినబడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి నుంచి వచ్చిన కూలీ తమ్ముళ్లు సోనాపూర్, అల్ కూజ్ క్యాంపుల నుంచి గుంపుగా వస్తారు. వారమంతా సిమెంటు, ఇనుము, ఎండ. ఆ ఒక్క పూట ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. వాళ్లలో ఒకతను నాకు బాగా గుర్తు. బోటిమ్ యాప్‌లో ఇంటికి వీడియో కాల్ చేసి, ఫోన్ నావైపు తిప్పి పట్టుకున్నాడు. అవతల అయిదారేళ్ల పాప.

"బాపూ, గది నిన్ను కొరుకదా?"

"కొరుకది బిడ్డా. నడుమ గోడున్నది."

"నాకేం గోడ కనవడ్తలేదు గదా!"

"కనవడది. గని ఉన్నది. గిదో, చెయ్యి పెడుతున్న సూడు."

అరచెయ్యి తెచ్చి నా మీద ఆనించాడు. బొటనవేలి మొదట్లో కాయకాచిన గరుకు, చూపుడువేలి గోరు కింద ఎంత కడిగినా పోని సిమెంటు చార. సరిగ్గా అప్పుడే ఆ చెయ్యి వెనకనుంచి ఒక శాండ్ టైగర్ సొర తాపీగా దాటింది. ఫోన్‌లో పాప కేక, వెంటనే నవ్వు. పక్కనుంచి భార్య గొంతు: "మస్తు నల్లగైనవ్. అన్నం తిన్నవా?" "తిన్న. ఈడ సల్లగున్నది," అన్నాడు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఆ కాసేపు అతను జగిత్యాలలో, తన ఇంటి గడపలోనే ఉన్నాడు.

ఇంకోసారి ఒక గోదావరి జిల్లా ఆవిడ, తను పనిచేసే ఇంటివాళ్ల పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని వచ్చింది. పెద్ద టేకు చేప నా మీదికి పొట్ట ఆనించి పైకి పాకుతోంది. అరబ్బీ పిల్లలు దాని నోరు చూసి, అదే ముఖమనుకుని నవ్వుతున్నారు. ఆవిడ మాత్రం తనలో తను తెలుగులో, "ఉప్పాడ రేవులో ఇలాంటిది వలలో పడితే ఊరంతా చూడ్డానికొచ్చేది. బతికుండగా ఈత కొట్టడం ఇప్పుడే చూస్తున్నానమ్మా," అంది. సముద్రం పక్కనే పుట్టిన మనిషి, సముద్రం లోపలికి చూడటం అదే మొదటిసారి. ఒడ్డునున్న వాళ్లకు నీటి మీది వెలుగే తెలుసు. నా పని ఆ వెలుగు అడ్డం తొలగించి లోపలిది చూపించడం.

నాలోంచి చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. నీటిలోంచి గాలిలోకి వచ్చే కిరణం వంగుతుంది కాబట్టి, లోపల నాలుగడుగుల దూరంలో ఉన్న చేప మూడడుగుల దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. పిల్లలు ఉలిక్కిపడి వెనక్కి జరగడానికి అదీ ఒక కారణం. శాండ్ టైగర్ సొర పళ్లు నోరు మూసినా బయటికే ఉంటాయి. చూడగానే గుండె జల్లుమంటుంది. నిజానికి దాని ఈత నెమ్మది, తత్వమూ నెమ్మదే. సొరలకు మిగతా చేపల్లాగా గాలితిత్తి ఉండదు. ఇది మాత్రం నీటి పైకి వెళ్లి గాలి మింగి, దాన్ని కడుపులో నిలుపుకుని, కదలకుండా తేలుతుంది. తల్లి కడుపులో రెండు గర్భసంచులు. ఒక్కోదాంట్లో ముందుగా పెరిగిన పిల్ల తోడబుట్టిన వాటిని తినేస్తుంది. చివరికి పుట్టేవి రెండే, అవి పుట్టేనాటికే మీటరు పొడవుంటాయి. కానుపుకూ కానుపుకూ మధ్య రెండేళ్ల దాకా ఎడం. ఇంత నిదానంగా పెరిగే జాతిని వలలతో వేగంగా ఊడ్చేస్తే ఏమవుతుంది? అదే అయింది. సముద్రంలో తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల పట్టికలో ఇప్పుడు దాని పేరుంది.

రాత్రి జనం పలచబడ్డాక నన్ను తుడవడానికి మనుషులొస్తారు. నా ముఖం మీద, మూడడుగుల ఎత్తు వరకూ చిన్న చిన్న అరచేతుల జాడలు, ముక్కు ఆనించిన గుండ్రని మరకలు, ఊపిరి తగిలి ఆరిన మసక. కిటికీ అద్దాలకు కొట్టే అమ్మోనియా మందు నాకు పడదు, సన్నని పగుళ్లు తెస్తుంది. మెత్తని గుడ్డ, తేలికపాటి సబ్బునీళ్లు చాలు. లోపలి వైపు నాచును ఈతగాళ్లు దిగి, గీత పడకుండా తుడుస్తారు. నేను గాజుకంటే మెత్తనిదాన్ని, ఉంగరం రాసుకున్నా గీత పడుతుంది. గీత పడితే మళ్లీ నునుపు చేయొచ్చు, ఆ సౌకర్యం గాజుకు అంతగా లేదు. నన్ను తుడిచే ఆ చేతుల పేర్లు ఏ రికార్డు పుస్తకంలోనూ ఉండవు. వాళ్లు లేని మర్నాడు కోటి లీటర్ల సముద్రమున్నా చూడటానికి ఏమీ ఉండదు.

పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఒకటి నన్ను వదలదు. "వీటిని ఇక్కడ ఎందుకు పెట్టారు? వాటికి ఇంటికెళ్లాలని ఉండదా?" అడగాల్సిన ప్రశ్నే. అక్వేరియాలన్నీ రోజూ జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న అది. ఎంత పెద్ద ట్యాంకైనా సముద్రం కాదు. నా వెనక ఈదేవి ఏవీ తమంతట తాము వచ్చినవి కావు. ఆ రుణం తీరాలంటే ఒక్కటే దారి. వాటిని చూసి వెళ్లినవాళ్ల మనసులో బయటి సముద్రం మీద ప్రేమ పెరగాలి. కాసేపు చల్లదనం, నాలుగు సెల్ఫీలు, ఒక ఐస్‌క్రీమ్‌తో సరిపెట్టుకుంటే వాటి బందిఖానాకు అర్థం లేదు.

బయటి సముద్రం ఇక్కడికి దూరమేమీ లేదు, కొన్ని కిలోమీటర్లే. ఈ గల్ఫ్ లోతు తక్కువ, ప్రపంచంలోకెల్లా వెచ్చని సముద్రాల్లో ఒకటి. వేసవిలో పైనీరు ముప్పై అయిదు డిగ్రీల దాకా కాగుతుంది. 2017 వేసవిలో ఆ వేడికి ఈ తీరంలో పగడాలు తెల్లబడి పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. నా వెనక నీటిని చల్లబరచడానికి యంత్రాలున్నాయి. ఆ పగడాలకు ఏ యంత్రమూ లేదు. ఎండ తప్పించుకోవడానికి మాల్‌లోకి వచ్చే దారి మనుషులకు ఉంది, చేపలకు లేదు. ఇది నా ముందు నిలబడే ప్రతి ఒక్కరికీ తెలియాలని నా కోరిక.

అందుకే అడుగుతున్నాను. నా మీద కొట్టకండి, లోపలివి బెదురుతాయి. ఫ్లాష్ వెలిగించకండి. పిల్లలకు చేప పేరు చెప్పండి, తెలుగు పేరుంటే అదే చెప్పండి. సొరలు, టేకులు నెమ్మదిగా పెరుగుతాయనీ, త్వరగా తరిగిపోతాయనీ చెప్పండి.

ఊళ్లు కట్టేవాళ్లకూ ఒక మాట. ఎండలు ముదురుతున్నాయి. మన హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో కూడా రేపు వేసవి షికార్లన్నీ చల్లని కప్పుల కిందికే చేరతాయి. అక్కడ ఏం కట్టినా, అక్వేరియం కానీ మ్యూజియం కానీ, నాలాంటి గోడ ఒకటి బజారు వైపు తెరిచి ఉంచండి. లోపలి నడకకు టికెట్ పెట్టుకోండి, దాన్ని నడపడానికి డబ్బు కావాలి కదా. ఒక్క వైపు మాత్రం పనికి పోయేవాడూ, పని నుంచి వచ్చేవాడూ, చేతిలో చిల్లిగవ్వ లేనివాడూ నిలబడి కళ్లారా చూసేలా వదిలేయండి. పాదాల దగ్గర చదరపు మీటరుకు ఎనిమిది టన్నుల బరువును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఆ చూపు అందరిదీ అయినంత కాలం ఆ బరువు నాకు బరువనిపించదు.