టిల్లరు రావ్‌జీ

జంషెడ్‌పూర్‌లో తెలుగువాడికి ఇంటిపేరుతో పనిలేదు. సోంపేట నుంచి వచ్చినా, బొబ్బిలి నుంచి వచ్చినా, పేరులో ఎక్కడా రావు అన్న ముక్కే లేకపోయినా సరే, ఊరు ఊరంతా కలిసి వాణ్ణి రావ్‌జీని చేసి పారేస్తుంది. ఇంతమందిలో ఏ రావ్‌జీ ఎవరో తెలియాలి గదా, అందుకని ముందొక బిరుదు తగిలిస్తారు. యూనియన్ రావ్‌జీ, చీటీల రావ్‌జీ, బిష్టుపూర్ రామమందిరంలో కల్యాణానికి పుస్తకం పట్టుకు తిరిగే చందాల రావ్‌జీ. టెల్కో కాలనీలో ఈ మధ్య ఇంకో రకం బయల్దేరింది. టిల్లరు రావ్‌జీ.

ఈ రకాన్ని గుర్తుపట్టడం తేలిక. వయసు అరవై దాటి ఉంటుంది. ఏ-షిఫ్టు వేళకి ఇప్పటికీ మంచం మీద లేచి కూర్చుంటాడు. వంట ఆలస్యమైతే "మెటీరియల్ లేటా?" అని అడుగుతాడు. చొక్కా జేబులో కళ్లజోడు ఉండవలసిన చోట ఫీలర్ గేజి ఉంటుంది. కళ్లజోడు ఎక్కడుందో ఇల్లాలికి మాత్రమే తెలుసు. కొడుకు ఎంప్లాయీ వార్డు కింద కంపెనీలోకి పోయాడు కాబట్టి క్వార్టరు చేజారలేదు. క్వార్టరు వెనక పెరడు, పెరట్లో జామచెట్టు, జామచెట్టు కింద టార్పాలిను, టార్పాలిను కింద ఒక ఇనప జంతువు. దాన్ని చూపించకుండా మీకు కాఫీ ఇవ్వరు.

అది పాతకాలపు మిత్సుబిషి శక్తి పవర్ టిల్లరు. రెండు చక్రాలు, రెండు పొడుగాటి హ్యాండిళ్లు, ముందు అడ్డంగా పడుకున్న ఒకే ఒక్క సిలిండరు డీజిల్ ఇంజను, వెనక మట్టిని గుల్లచేసే కత్తుల రోటరీ. అంతా కలిపి సుమారు నాలుగు క్వింటాళ్లు. టెక్కలి దగ్గర బావమరిది కళ్లంలో ఏళ్ల తరబడి కోళ్లు దాని బానెట్ మీద కాపురం చేశాయట. లారీలో వేసి తెప్పించాడు. ఆ లారీ కూడా టాటా అయితేనే ఎక్కించండని ఫోన్లో పట్టుబట్టాడు.

ఈ జబ్బు రావ్‌జీ ఒక్కడిదే కాదు, ప్రపంచమంతా ఉంది. అమెరికాలో పెరటి ట్రాక్టర్లని ప్రత్యేకంగా ఒక జాతే ఉంది. 1946లో ఇండియానా రాష్ట్రంలో మొదలైన వీల్ హార్స్, 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు దించిన కబ్ క్యాడెట్, 1963 నాటి జాన్ డీర్ 110. సీట్లో కూర్చుని గడ్డి కోసుకునే చిన్న బళ్లు. అక్కడి రిటైరైన పెద్దమనుషులు వాటిని షెడ్లలోంచి లాగి, తుప్పు గీకి, ఆనాటి రంగే మళ్లీ వేసి ఊరేగిస్తారు. ఒహాయోలో ఉన్న అల్లుడు ఈ ఫోటోలు మావగారికి పంపాడు. అల్లుడు చేసిన పనుల్లో అత్తగారు ఇంతవరకూ క్షమించనిది ఇదొక్కటే.

మన దేశంలో పాత ట్రాక్టరంటే 1959 నాటి ఐషరు, 1963లో మహీంద్రా వాళ్లు మొదలుపెట్టిన బి-275, 1974లో వచ్చిన స్వరాజ్ 724. స్వరాజ్ పేరు చెబితే రావ్‌జీ లేచి నించుంటాడు. విదేశీ కంపెనీ సాయం లేకుండా పక్కనే దుర్గాపూర్‌లో, సర్కారు పరిశోధన సంస్థలో గీసిన డిజైను గదా! కాని ఇవన్నీ పాతిక నుంచి ముప్పై అయిదు గుర్రాల బళ్లు. వాటిలో ఏది పెరట్లో పెట్టినా కుటుంబం వీధిలో ఉండాలి. అందుకని టిల్లరు.

టిల్లర్లలోనూ మళ్లీ కులాలున్నాయి. 1967లో బెంగళూరులో పుట్టిన వి.ఎస్.టి. వాళ్ల మిత్సుబిషి వర్గం ఒకటి, 1973లో కేరళ ప్రభుత్వం పెట్టిన కామ్కో వారి కుబోటా వర్గం ఒకటి. బిర్సానగర్‌లో ఉన్న ఇంకో టిల్లరు రావ్‌జీ కుబోటా మనిషి. ఇద్దరూ ఒక పెళ్లిలో ఎదురుపడితే మూడో పంక్తి లేచేదాకా విస్తళ్ల ముందుకి రారు.

ఇంతకీ ఈ మనిషికి ఇదెందుకు పట్టుకుంది? టెల్కో 1945లో రైలింజన్లు చెయ్యడానికి పెట్టిన కంపెనీ. 1954లో మెర్సిడీస్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టింది. 1970లో రైలింజన్లు మానేసింది. 2003లో పేరు టాటా మోటార్స్ అయినా కాలనీకీ మనుషులకీ ఇంకా టెల్కోయే. అందులో రావ్‌జీ ముప్పై ఏళ్ల పైచిలుకు అసెంబ్లీ లైన్లో, ముందు యాక్సిల్ దగ్గర చేశాడు. చివర్లో ఫోర్‌మన్ అయ్యాడు. లక్షల చాసిస్‌లు ఆయన ముందు ఆగాయి, నట్లు బిగించుకున్నాయి, సాగిపోయాయి. ఒక్కదానికీ ఆయన తాళం తిప్పి చూసింది లేదు. ఇంజను వేరే వాళ్లది, గేరు బాక్సు వేరే వాళ్లది, రంగు ఇంకెవరిదో. ఒక బండిని మొదటి నట్టు నుంచి చివరి నట్టు దాకా తనే చెయ్యాలన్న ఆకలి ఆయన కడుపులో అన్నేళ్లూ అలాగే ఉండిపోయిందని నా అనుమానం. ఆయన్ని అడిగితే "పెరట్లో వంకాయలు వేద్దామని" అంటాడు. నమ్మకండి.

బండి విప్పడం మొదలైన రోజునే పెరడు ఒక షాపయింది. జాబ్ కార్డులు వచ్చాయి. ఇన్‌స్పెక్షన్ కాలమ్‌లో ఇల్లాలు సంతకం పెట్టాలి. ఎదురింటి కుర్రాణ్ణి సహాయానికి పెట్టుకుని "నువ్వు బై-సిక్స్‌వి" అన్నాడు. టెల్కోలో బై-సిక్స్ అంటే పర్మనెంటు కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూసే ఉద్యోగి. ఆ కుర్రాడి తండ్రి బై-సిక్స్‌గా చేసినవాడే కాబట్టి "కొడుకునైనా పర్మనెంటు చెయ్యండి రావ్‌జీ" అని గోడ అవతలి నుంచి అర్జీ పెట్టాడు. పరిశీలనలో ఉంది.

తుప్పు పట్టిన నట్లకి కిరసనాయిలు తాగించాడు. వాల్వులకి గ్రైండింగ్ పేస్టు పూసి, రెండు అరచేతుల మధ్య కర్ర తిప్పుతూ మధ్యాహ్నాలన్నీ గడిపాడు. ఇంతవరకూ ఇంటికి నష్టం లేదు. బేరింగు ఎక్కించే రోజు వచ్చింది.

కొత్త బేరింగు షాఫ్టు మీదికి సుత్తితో కొడితే చెడిపోతుంది. ఒకటి వేడికి ఉబ్బాలి, ఇంకోటి చలికి ముడుచుకోవాలి, అప్పుడు చెయ్యి జారినంత సుఖంగా కూర్చుంటుంది. సిద్ధాంతం నూటికి నూరుపాళ్లు సరైనదే. అమలు పరిచిన చోటు వంటిల్లు. ఇల్లాలు గుడి నుంచి వచ్చేసరికి మూకుట్లో కాగిన నూనెలో బేరింగు బూరెలా తిరుగుతోంది. మంచుపెట్టె తెరిస్తే పెరుగు గిన్నె పక్కన, పాత 'ప్రభాత్ ఖబర్' చుట్టుకుని, గేరు షాఫ్టు పడుకుని ఉంది. రావ్‌జీ చేతిలో గరిట, కళ్లు గడియారం మీద.

"ఏటండీ ఇది?"

"ఉష్, మాటాడకు. ఇంకో నిమిషం."

"ఆ మూకుట్లో నేను అమ్మవారికి బూరెలు ఏపుతానండీ!"

"అందుకే అది తీశాను. అడుగు మందంగా ఉంది, వేడి సమంగా పడుతుంది."

టెల్కోలో బళ్లకి గిరాకీ తగ్గితే కంపెనీ కొన్ని రోజులు పని ఆపుతుంది. దాన్ని బ్లాక్ క్లోజర్ అంటారు. కాలనీలో పసిపిల్లలకి కూడా తెలిసిన మాట. ఆ సాయంత్రం వంటింటి తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉంది: మూడు రోజులు బ్లాక్ క్లోజర్. రావ్‌జీ, కొడుకు, బై-సిక్స్ కుర్రాడు ఆ మూడు రోజులూ ఖడంగాఝార్ బజార్లో లిట్టీ చోఖా తిన్నారు. బేరింగు మాత్రం షాఫ్టు మీద అందంగా కూర్చుంది. ఆయన ఇప్పటికీ ఆ ఘట్టాన్ని విజయంగానే లెక్కవేస్తాడు.

ఇక స్పేర్ల వేట. జుగ్సలాయి కబాడీ కొట్లన్నీ గాలించాడు. దొరకనిది ఆదిత్యపూర్‌లో లేత్ మీద తీయించాడు. లేత్ కుర్రాడు నెత్తి మొత్తుకున్నాడు. ఒక్క బుష్షు కోసం ఈయన మైక్రోమీటరు పట్టుకుని పక్కనే నించుంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. అక్కడా కుదరనివాటికి కలకత్తా మల్లిక్ బజారు. ఇంట్లో చెప్పింది కాళీఘాట్ దర్శనం. తిరిగొచ్చాక సంచిలోంచి మందారపూలు ముందు తీశాడు, అడుగున పిస్టన్ రింగులు. అమ్మవారి ప్రసాదం డీజిలు వాసన వస్తోందని మనవరాలు బయటపెట్టింది.

రంగు దగ్గర శాస్త్రచర్చ లేచింది. కుబోటా రావ్‌జీ వాదం, తుప్పు కూడా చరిత్రే, ముట్టుకోకూడదని. మన రావ్‌జీది అసలు రంగు వాదం. ఎండ తగలని చోట అసలు రంగు బతికి ఉంటుందని కంపెనీ పేరు రేకు ఊడదీసి, దాని వెనక అగ్గిపెట్టెంత జాగాలో దొరికిన ఛాయని పట్టుకుని సాక్చి బజారుకి వెళ్లాడు. పెయింటు కొట్టువాడు డబ్బా మీద డబ్బా కలిపాడు. ప్రతిదానికీ రావ్‌జీ తల అడ్డంగా ఊపాడు. కొట్టువాడు ఆఖరికి, "రావ్‌జీ, కూతురి పెళ్లి చీర కూడా ఇంతసేపు చూసి ఉండరు" అన్నాడు. నిజం. ఆ చీర ఆయన ఇప్పటికీ చూడలేదు.

ఇంజను లేపడానికి ముహూర్తం సెప్టెంబరు 17. జంషెడ్‌పూర్‌లో విశ్వకర్మ పూజంటే దసరా తర్వాత దసరా. ఆ రోజు పానాకి కూడా బొట్టు పెడతారు. పెరట్లో జనం చేరారు. రావ్‌జీ ముందు ఇంజెక్టరు దగ్గర పైపు వదులు చేసి గాలి బుడగలు పోయేదాకా డీజిలు వదిలాడు. ఎడంచేత్తో డీకంప్రెషన్ మీట ఎత్తి పట్టాడు, కుడిచేత్తో హ్యాండిలు పట్టాడు. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాడు, చుట్టి పట్టలేదు. ఇంజను ఎదురు తన్నితే చుట్టిన బొటనవేలు ఇంటికి రాదు. తిప్పాడు, వేగం అందుకోగానే మీట వదిలాడు. ఒకసారి దగ్గింది. రెండోసారి నల్లటి పొగ ఒక ముద్ద వదిలింది. మూడోసారి డబ్, డబ్, డబ్ అని పట్టుకుంది.

"జై విశ్వకర్మ బాబా!" అన్నారు జనం. పక్క క్వార్టరు బెంగాలీ దాదా తీగ మీద ఆరేసిన తెల్ల పంచెలు నల్లబడ్డాయి. రావ్‌జీ కళ్లు తుడుచుకున్నాడు. పొగవల్ల అన్నాడు.

మొత్తం పెరడు దున్నడానికి పది నిమిషాలు పట్టింది. అక్కడ వచ్చింది చిక్కు. బండి సిద్ధం, భూమి లేదు. నెల్లాళ్లు పోయాక కాలనీలో ఏ గేటు ముందు నించున్నా "మీ పెరడు దున్నిపెట్టనా, ఊరికే" అనడం మొదలెట్టాడు. జనం గేట్లకి గొళ్లేలు వేసుకున్నారు. పోనీ కలకత్తాలో స్టేట్స్‌మన్ పత్రిక 1968 నుంచి పాత కార్ల ర్యాలీ చేస్తోంది గదా, అక్కడికి తీసుకెళ్తానన్నాడు. అది కార్లకండీ అంటే, చక్రాలు తక్కువైనంత మాత్రాన వంశం తక్కువా అని అడిగాడు.

శీతాకాలంలో ఒక శుక్రవారం, బండికి వాహన పూజ చేయించడానికి గుట్టమీది భువనేశ్వరి అమ్మవారి గుడికి నడిపించుకెళ్లాడు. ఎక్కడం బాగానే జరిగింది, నిమ్మకాయలు బాగానే నలిగాయి. దిగడం దగ్గర కథ తిరిగింది. టిల్లరుకి స్టీరింగు ఉండదు. ఎడమ హ్యాండిలు కింద క్లచ్చి నొక్కితే ఎడమ చక్రానికి ఇంజను తెగిపోతుంది, కుడి చక్రం తోస్తుంది, బండి ఎడమకి తిరుగుతుంది. ఇది చదునులో. పల్లంలో ఇంజను బండిని తోయదు, పట్టి ఆపుతుంది. అక్కడ ఎడమ క్లచ్చి నొక్కితే ఎడమ చక్రం పట్టు వదిలి పరుగెడుతుంది, బండి కుడికి పోతుంది. రావ్‌జీ ఎడమ నొక్కాడు. కుడి పక్కన, గోపాల్ మైదానంలో పూల ప్రదర్శనకని దాదా నెలల తరబడి సాకి, ఎండకి వరసగా పెట్టుకున్న చామంతి కుండీలున్నాయి.

జనం పరుగెత్తుకొచ్చారు. దాదా కూడా వచ్చాడు. ఆయన కూడా టెల్కోలోనే, ఇన్‌స్పెక్షన్ విభాగంలో రిటైరైనవాడు. పగిలిన కుండీల వంక ఒకసారి చూశాడు, టిల్లరు వంక చాలాసేపు చూశాడు. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు కొడతాడు అని అందరూ ఊపిరి బిగబట్టారు.

"పల్లంలో క్లచ్చి ఉల్టా పనిచేస్తుందని తెలీదా? నిన్ను ఫోర్‌మన్ని ఎవడు చేశాడయ్యా?" అన్నాడు దాదా.

తర్వాత అక్కడే రోడ్డు మీద సుద్దతో బొమ్మ గీసి, వచ్చినవాళ్లందరికీ సంగతి విడమరిచి చెప్పాడు. జనంలో ఇద్దరు ఒప్పుకోలేదు. వాళ్లు గేరు బాక్సు విభాగం. వాదన చీకటి పడేదాకా సాగింది. చామంతుల సంగతి దాదా భార్య తప్ప ఎవరూ ఎత్తలేదు. టెల్కో కాలనీ అంటే ఇదే.

ఇప్పుడు జామచెట్టు కింద ఇద్దరు ఉంటున్నారు. దాదా జాబ్ కార్డుల మీద ఇన్‌స్పెక్షన్ సంతకం పెడుతున్నాడు, రావ్‌జీ ఇల్లాలికి ఆ పని తప్పింది. ఆమె తరఫున ఆంధ్ర సోదరులకి ఒక విన్నపం మాత్రం మిగిలింది. మీ కళ్లంలో, మీ చావిట్లో, మీ మావయ్యగారి పొలం గట్టున కోళ్లు కాపురముంటున్న పాత టిల్లరు ఏదైనా ఉంటే ఉండనివ్వండి. జంషెడ్‌పూర్‌కి ఫోను చెయ్యకండి. జామచెట్టుకి అవతల ఇంకో బండికి చోటుందని ఆయన ఇప్పటికే టేపు పెట్టి కొలిచాడు, ఆమె కొత్త మూకుడు కొని బీరువాలో పెట్టి తాళం వేసింది.