'పిల్ల చేయు బండి' పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

పిల్ల చేయు బండి పెద్దల చేతిలో
తళుకు దేరి చివర తండ్రిదయ్యె
కప్పు నాన్న కొచ్చె కన్నీళ్ళు బిడ్డకు
సాయమన్న నిదియె చాలు తండ్రి!

అవతారిక: ఇది ఆటవెలది. పదహారు సూర్యగణాలకు నాలుగే ఇంద్రగణాలు. ఆదిత్యపూర్‌లో పుట్టిన పద్యానికి సూర్యుడి పాలు ఎక్కువ ఉండటం సహజమే. కవి అజ్ఞాతుడు. ఖర్కాయి నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో తెలుగువాళ్ళందరూ ఒకరికొకరు ఎరిగినవాళ్ళే గనక అజ్ఞాతంగానే ఉండదలచాడు. సందర్భం, సంక్రాంతికి పిల్లలకు పెట్టిన చెక్క కార్ల పందెం. ఇంజను ఉండదు. ఒక చెక్క దిమ్మ, నాలుగు చక్రాలు, ఇరుసులకు మేకులు, ఏటవాలు బల్ల. మిగతాది భూమి చూసుకుంటుంది. నియమం ఒక్కటే: 'కారు పిల్లలే చేయాలి, తల్లిదండ్రులు సహాయం చేయవచ్చు.' కామాకు ముందున్న సగం ఎవరూ చదివినట్టు లేదు.

ప్రతిపదార్థము: పిల్ల, చేయు, బండి, కప్పు – ఇవి సులభాలు, విడిచిపెట్టాం. కొచ్చె – 'కు వచ్చె' అనవలసింది. గ్రామ్యమని పండితులు ఆక్షేపిస్తారు. కప్పు అందుకోవడానికి ఆ నాన్న పరుగెత్తిన తీరు చూసినవారెవరూ ఆక్షేపించరు.

సాయము – ఇక్కడ కొంచెం ఆగాలి. సహ అంటే కూడా, అయ అంటే నడిచేది. కూడా నడిచేవాడు సహాయుడు. ఎత్తుకుని పరుగెత్తేవాడు కాడు. అయితే మా ఊళ్ళో దీనికి వేరే వ్యుత్పత్తి వాడుకలో ఉన్నట్టుంది: సహ + అయస్. సవర్ణదీర్ఘసంధి, 'ఇనుముతో కూడినది' అని అర్థం. నది అవతల టెల్కో కర్మాగారంలో 1954 నుంచి లారీలు తయారవుతుంటే, వాటి విడిభాగాలు చేసే కార్ఖానాలు ఈ ఒడ్డున వందలకొద్దీ ఉన్నాయి. ప్రతి తండ్రికీ ఒక లేతు మిషనో, లేతున్న స్నేహితుడో ఉంటాడు. అలాంటి ఊళ్ళో 'సహాయం చేయవచ్చు' అని రాయడం పిల్లికి పాలగిన్నె కాపలా అప్పగించడమే.

అయస్ అనగానే అయస్కాంతం గుర్తుకొస్తుంది. ఇనుముకు ప్రియమైనది అని ఎంత ముచ్చటైన పేరు! కుమారసంభవం రెండో సర్గలో బ్రహ్మ దేవతలకు చెప్పిన ఉపాయం ఇదే: అయస్కాంతం ఇనుమును లాగినట్టు శివుడి మనసును ఉమ సౌందర్యంతో లాగండి. కాళిదాసు దాన్ని అక్కడితో వదిలేశాడు గానీ అమెరికాలో ఒక మేనమామో బాబాయో వదల్లేదు. అక్కడ పిల్లలు తామే కూర్చుని నడిపే ఇంజను లేని కార్ల పందెం ఒకటుంది. 1973లో ఆక్రన్ పట్టణంలో జరిగిన ఆ పందెంలో పద్నాలుగేళ్ళ కుర్రాడు గెలిచాడు. అనుమానం వచ్చి కారును ఎక్స్‌రే తీస్తే ముక్కులో విద్యుదయస్కాంతం కనబడింది. బయలుదేరే చోట కార్లను ఆపి ఉంచే ఇనుప పలక కిందికి వాలగానే, అది కారును కూడా లాక్కుపోతుంది. పెట్టించింది ఆ కుర్రాడి అంకుల్. అంతకు ముందు ఏడాది ఆ పందెం గెలిచింది ఆయన సొంత కొడుకు. కుర్రాడి బిరుదు వెనక్కి పోయింది. అంకుల్ అన్న ఇంగ్లీషు మాటలో పినతండ్రి, మేనమామ కలిసిపోవడం వల్ల ఏ వైపు బంధువో నేను చెప్పలేను. తెలుగైతే ఈ చిక్కే ఉండేది కాదు, ఫలానా మేనమామ అని ఊరంతా...

ఎక్కడున్నాం? కోలాచల మల్లినాథసూరి, మన మెదకు సీమవాడే, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. రెండో ఒట్టు నేను పై పేరాలోనే తప్పాను.

తండ్రిదయ్యె – గెలిచిన కారుకు లారీలకు కొట్టే రంగు కొట్టారు. మైకు పట్టుకున్నాయన తొమ్మిదేళ్ళ విజేతను అడిగాడు: "నీ కారుకి ఏం పేరు పెట్టావు బాబూ?" వాడు వెనక్కి తిరిగి, "ఏం పెట్టాం డాడీ?" అన్నాడు.

ఆ డాడీ సభకంతా చెప్పిన మాట: 'అంతా మావాడే చేశాడండీ.' ఆలంకారికుల లెక్కన 'మావాడు' శబ్దానికి వాచ్యార్థం కొడుకు. లక్ష్యార్థం నేను. వ్యంగ్యార్థం, మీవాడి చేత కాలేదని.

కన్నీళ్ళు – ఓడిన పిల్లవి అనుకుంటారు. కాదు. ఆఖరున వచ్చిన పాప కారుకు గోళ్ళరంగుతో కిటికీలు దిద్దింది. ఒక చక్రం బల్లకు ఆనడమే లేదు. మూడు చక్రాల మీద కుంటుకుంటూ దిగినా పకపకా నవ్వింది. ఏడ్చింది గెలిచిన కుర్రాడు. కారు ఒకసారి నేలమీద తోసుకుంటానంటే, "ముట్టుకోకు, ఇరుసు వంగుతుంది" అని కసిరారు.

నా బాధ ఇదే. బరువు వెనక చక్రాల దగ్గర పెడితే బండి బరువుకేంద్రం ఇంకాస్త ఎత్తునుంచి దిగుతుంది, వేగం పెరుగుతుంది. ఈ ముక్క పిల్లవాడికి చెప్పి ఊరుకుంటే అది సాయం. ఆ తండ్రి చెప్పలేదు, సీసం కరిగించి పోశాడు. ఆ రాత్రి వాడు నిద్రపోతున్నాడు.

తాత్పర్యము: ఇలాంటి చెక్క కార్ల పందేన్ని 1953లో కాలిఫోర్నియాలో డాన్ మర్ఫీ మొదలుపెట్టింది, పైన చెప్పిన పెద్ద బండి పందేనికి వయసు చాలని తన పదేళ్ళ కొడుకు కోసం. చిన్నవాళ్ళ కోసం పుట్టిన ఆట పెద్దవాళ్ళ పాలైతే మందు కష్టమేం కాదు. పిల్లలంతా ఒకే హాల్లో, ఒకే రకం పెట్టెలోంచి తీసిన సామానుతో, గంటలో చేయాలి. చక్రాలు చీట్లు తీసి పంచాలి. ప్రతి కారూ బల్లమీద అన్ని గాడుల్లోనూ ఒక్కోసారి దిగాలి. తండ్రులకు వేరే పందెం పెట్టాలి. అమెరికాలో కొన్ని చోట్ల అదీ పెడతారు. లేతులూ సీసమూ అక్కడ తెచ్చుకోవచ్చు.

విశేషము: 'చాలు తండ్రి' – ఈ సంబోధన దేవుడికా, కన్నతండ్రికా అని శంక. ఉభయులకూ అన్వయించుకోవచ్చు.

పందేనికి ముందురోజు రాత్రి పదకొండింటికి ఈ వ్యాఖ్యాత తన కూతురి కారు మేకులను గరుకు కాగితంతో నున్నగా రుద్దుతూ భార్యకు దొరికిపోయిన సంగతి మూలంలో లేదు. మూలంలో లేనిది రాయకూడదన్న మల్లినాథుడి మొదటి ఒట్టును శిరసావహించి, దానికి వ్యాఖ్య రాయలేదు.