సంగటికి పండగొచ్చింది

మా వైపు ఏ పండగ వస్తోందో తెలుసుకోవడానికి పంచాంగం అక్కర్లేదు, ముక్కు చాలు. బెల్లం పాకం వాసన వస్తే సంక్రాంతి. శనగపప్పు ఉడుకుతుంటే ఉగాది. ఆ పప్పు ఓళిగల్లోకి, పప్పు వార్చిన నీళ్ళు చారులోకి పోతాయి. తెల్లగడ్డ, ధనియాలు, లవంగాలు రోట్లో నలుగుతుంటే ఊరి దేవర. ఏ వాసనా రాకపోతే ఏకాదశి, లేదా ఇంటావిడ అలిగింది.

మా వైపు అంటే కడప జిల్లా మైలవరం. గండికోట దగ్గర కొండను చీల్చుకొని వచ్చిన పెన్న కాస్త ఊపిరి పీల్చుకునేది మా డ్యాంలోనే. నీళ్ళొచ్చిన ఏడాది అది డ్యాం, రాని ఏడాది గొర్రెలు మేసే బయలు. ఎండ మాత్రం ఏ ఏడాదీ మోసం చేయలేదు. ప్రభుత్వం వాళ్ళు అది కనిపెట్టి వెయ్యి మెగావాట్ల లక్ష్యంతో మా మండలంలోనే సోలార్ పార్కు పెట్టారు. తరతరాలుగా మేం తిట్టుకున్న ఎండకు చివరికి గిట్టుబాటు ధర దొరికింది.

పంటలు తక్కువైనా పండగలకు మాకు కొదవ లేదు. పక్కనే ఉన్న ప్రొద్దుటూరులో దసరా చేస్తే దాన్ని రెండో మైసూరు అంటారు. బంగారు అంగళ్ళు వీధుల నిండా ఉన్నాయి కాబట్టి అదే ఊరిని రెండో బొంబాయి అని కూడా అంటారు. "ఒకే ఊరు ఇన్నిటికి రెండోదైతే, మొదటిది ఎప్పుడైతాదిరా?" అని మా మామ అడుగుతుంటాడు. తొట్టిమెరవణి నాటి రాత్రి ఆ వీధుల్లో నిలబడితే మాత్రం ఆ ప్రశ్న గుర్తుకు రాదు. ఒక చేతిలో బొరుగుల పొట్లం, ఇంకో చేతిలో మిరపకాయ బజ్జీ, కళ్ళు అమ్మవారి మీద, ధ్యాస జేబు మీద. నాలుగు పనులూ ఒకేసారి చేయగలిగినవాడే ప్రొద్దుటూరు దసరా చూసినవాడు.

దేవుని కడపలో ఉగాది ఇంకో తీరు. ఆ రోజు ముస్లింలు వెంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. బీబీ నాంచారమ్మ వాళ్ళ ఆడబిడ్డ, కాబట్టి స్వామి వాళ్ళింటి అల్లుడు. దేవుణ్ణి అదియ్యి, ఇదియ్యి అని పీడించేవాళ్ళు అన్నిచోట్లా ఉంటారు. అల్లుడు కదా, పండగపూట పలకరించి పోదామని వచ్చేవాళ్ళు మా జిల్లాలో ఉన్నారు. పిలవకపోతే అలుగుతాడన్న భయం కూడా కొంత ఉండొచ్చు. వైకుంఠవాసి అయినా అల్లుడు అల్లుడే.

ఇక ఒంటిమిట్ట. లోకమంతా రాముల వారి పెళ్ళి పట్టపగలు చేస్తే ఒంటిమిట్టలో రాత్రిపూట, వెన్నెల్లో చేస్తారు. చంద్రుడికి ఇచ్చిన మాట కోసమని స్థలపురాణం చెబుతుంది. చైత్రమాసంలో మధ్యాహ్నం పన్నెండు గంటలకు మా జిల్లాలో ఒక్కసారి చెప్పుల్లేకుండా నిలబడ్డవాళ్ళకు ఇంకో కారణం కూడా తోస్తుంది.

ఇవన్నీ పాత పండగలు. వీటికి దేవుడుంటాడు, తిథి ఉంటుంది, తిండి దానంతటదే వెనకాల వస్తుంది. ఈ మధ్య కొత్త రకం పండగలు పుట్టాయి. వీటిని ఉత్సవాలంటారు. వీటికి తిథి ఉండదు, తేదీ ఉంటుంది. తేదీ కలెక్టరు గారు పెడతారు. 2020 జనవరిలో గండికోటలో జరిగింది అలాంటిదే. కోట గోడల మీద రంగు లైట్లు, వేదిక మీద పాటలు. చోటు మాత్రం వంక పెట్టడానికి లేదు. మాధవరాయల గుడి, రంగనాథుడి గుడి, జామియా మసీదు ఒకదానికొకటి పిలిస్తే పలికేంత దూరం. మసీదు పక్కనే పెద్ద ధాన్యాగారం. కోట కట్టినవాళ్ళకు దేవుడెంత ముఖ్యమో గింజలంత ముఖ్యమని చూస్తేనే తెలిసిపోతుంది.

ఏ ఊళ్ళో ఉత్సవం పెట్టినా ఇప్పుడు తప్పకుండా ఉండేది తిండి అంగళ్ళ వరస. ఆ వరసలో తప్పకుండా ఉండే బోర్డు 'రాయలసీమ రుచులు'. ఆ బోర్డు మీద తప్పకుండా ఉండే బొమ్మ రాగి సంగటి, నాటుకోడి పులుసు. అట్లాంటి ఒక ఉత్సవానికి మా మామను తీసుకుపోయాను. ఊరి పేరు చెప్పను, వాళ్ళు మళ్ళీ మమ్మల్ని పిలవాలి కదా.

అంగడిలో కుర్రాడు చిన్న గిన్నెతో అచ్చు పోసి ముద్ద బోర్లించాడు. మా మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం అబ్బీ, ముద్ద ఇంతే ఉండాదే?"

"ఒక పోర్షన్ అంతేనండీ."

"పోర్షనా? అది ఇల్లు బాడుగకు ఇచ్చేటప్పుడు గదప్పా అనేది!"

"పులుసు ఎక్స్‌ట్రా అండీ."

మా మామ కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడంటే విచారణ మొదలైనట్టే.

"యావూరు నాయనా నీది?"

"కాకినాడండీ."

"మల్ల సంగటి చేసేది యాడ నేర్చినావు?"

"యూట్యూబ్‌లో చూశానండీ."

కుర్రాడి తప్పేమీ లేదు, బతుకుతెరువు. మనం హైదరాబాదులో కాకినాడ కాజా అమ్మే అంగళ్ళ వెనక నిలబడి అడిగితే అక్కడ ప్రొద్దుటూరోడు తేలొచ్చు. కానీ మా మామ ఊరుకునే మనిషి కాదు. పంచె ఎగగట్టి అంగడి లోపలికి పోయాడు. ఎసట్లో నూకలు మెత్తగా ఉడికేదాకా ఆగాడు. దాని మీద రాగిపిండి కుప్పగా పోసి, కట్టెతో నడిమధ్యన బొక్క పెట్టి, మూతేసి, మంట తగ్గించాడు. "ఇంగ మాట్లాడొద్దు, మగ్గనీ" అన్నాడు. కాసేపటికి గిన్నె కిందికి దించి, రెండు పాదాల మధ్య గుడ్డ వేసి బిగబట్టి, రెండు చేతులతో సంగటి కట్టె పట్టుకొని గెలకడం మొదలుపెట్టాడు. గిన్నె అంచు నుంచి నడుమకు, నడుమ నుంచి అంచుకు. ఒక్క పిండి ఉండ కూడా మిగలకూడదు. నుదుటి చెమట గిన్నెలో పడకుండా భుజంతో తుడుచుకుంటున్నాడు. చివర తడి చేత్తో తాకి చూశాడు. చేతికి అంటలేదు. "అయింది" అన్నాడు. చుట్టూ చేరిన జనం చప్పట్లు కొట్టారు. ఉత్సవంలో ఆ రోజు ఉచితంగా జరిగిన సాంస్కృతిక కార్యక్రమం అదొక్కటే.

పక్క బల్ల మీద ఓ కొత్త జంట చెంచాలతో సంగటిని కోసుకొని, నములుతూ, "జిగురుగా ఉందేమిటి?" అనుకుంటున్నారు. సంగటిని నమలరాదు. తుంచాలి, పులుసులో ముంచాలి, మింగాలి. పళ్ళకు అందులో పని లేదు. పళ్ళు ఊడిపోయిన మా ముసలివాళ్ళు నిండు నూరేళ్ళు బతికింది అందుకే. మా మామ ఆ అబ్బాయికి మింగడం నేర్పాడు. మూడో ముద్దకు దారిలో పడ్డాడు. ఆ అమ్మాయి మాత్రం ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి ఫోటో తీసింది. ఫోటో తీసేలోగా నెయ్యి ఇంకిపోయింది. మళ్ళీ పోయించుకుంది. నెయ్యి కూడా ఎక్స్‌ట్రానే.

ఇదంతా మా జేజి చూసి ఉంటే ముక్కున వేలేసుకునేది. ఆమె కాలంలో సంగటి పండగ తిండి కాదు, పండగ లేని రోజుల తిండి. పొద్దున సద్ది సంగటిలో మజ్జిగ పోసి ఎర్రగడ్డ కొరుక్కోవడం, మధ్యాహ్నం చెనిక్కాయల ఊరుబిండితో ముద్ద, రాత్రి ఏముంటే అది, అంటే మళ్ళీ ముద్దే. వరి అన్నం కావాలంటే ఉగాది రావాలి, లేదా అల్లుడు రావాలి, లేదా జ్వరం రావాలి. మూడింటిలో జ్వరమే కొంచెం తరచుగా వచ్చేది. అందుకే మా చిన్నాయన చిన్నప్పుడు ఊరికే ఒళ్ళు వెచ్చగా ఉందని చెప్పేవాడట. జేజి నుదురు పట్టుకొని చూసి, "కూటి జరం" అని తేల్చి సంగటే పెట్టేదట.

1983లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయి కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చారు. ఆ దెబ్బతో పండగ బియ్యం డిపో బియ్యమై ప్రతి ఇంటికీ నడిచొచ్చింది. ఇంట్లో రోజూ అన్నం వండడం అంటే రోజూ పండగ అన్నట్టే. పిల్లలు ముద్ద వంక చూడడం మానేశారు. సంగటి కట్టె అటకెక్కింది. రాగులు వేసే చేలల్లో చెనిక్కాయ వేశారు, పులివెందుల వైపు నీళ్ళున్నవాళ్ళు చీనీ చెట్లు పెట్టారు. ఇంటికి వచ్చిన చుట్టానికి సంగటి పెడితే పరువు తక్కువ అయ్యింది.

ఆ తర్వాత సినిమా కథలోలాగా విలన్ వచ్చాడు. వాడి పేరు షుగరు. డాక్టరు రిపోర్టు చూసి, "అన్నం తగ్గించి రాగులు, జొన్నలు తినండి" అన్నాడు. ఫీజు కట్టి మరీ విన్నాం. ఇదే మాట జేజి ఉచితంగా చెబితే ఎవరూ వినలేదు. ఐక్యరాజ్యసమితి కూడా మన దేశం అడిగిందని 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఎక్కడో న్యూయార్కులో కోటు వేసుకున్నవాళ్ళు చేతులెత్తితే మైలవరంలో అటక మీదున్న సంగటి కట్టె కిందికి దిగింది.

నిజానికి ఈ కేసు ఎప్పుడో తేలిపోయింది. పదహారో శతాబ్దంలో మన పక్క కన్నడ సీమలో కనకదాసు రామధాన్య చరిత్రె అని ఒక కావ్యం రాశాడు. అందులో వరికీ రాగికీ ఎవరు గొప్ప అని జగడం. రాముడు ఇద్దర్నీ ఆరు నెలలు జైల్లో పెట్టించాడు. గడువు తీరాక చూస్తే వరి పాడైపోయింది, రాగి పోయినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే బయటికొచ్చింది. రాగిదే గొప్ప అని తీర్పు. ఆ తీర్పు మా ఇళ్ళల్లో అమలు కావడానికి నాలుగు వందల ఏళ్ళు దాటింది. మన కోర్టుల లెక్కలో ఇది మరీ ఆలస్యమేమీ కాదు.

ఉత్సవాల్లో వేదిక ఎక్కినవాళ్ళంతా "ఇది మన మట్టిలో పుట్టిన తిండి" అంటారు. మైకు ముందు ఎంతైనా అనొచ్చు. రాగులు తూర్పు ఆఫ్రికా కొండల్లో పుట్టి వేల ఏళ్ళ కిందట ఇటు వచ్చాయి. చెనిక్కాయ దక్షిణ అమెరికాది. మిరపకాయా అమెరికా ఖండాల వైపుదే, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. అంటే కడప కారం దోసెలోని ఎర్రకారం రుచి తొలినాటి గండికోట ప్రభువులకు తెలియనే తెలియదు. వాళ్ళు మిరియాల ఘాటుతోనే అన్ని యుద్ధాలు చేశారు. లెక్క కడితే ముద్ద ఆఫ్రికాది, బిండి అమెరికాది, ఆకలి ఒక్కటే అచ్చంగా మాది. ఆ ఆకలితో వాటిని కలిపినవాళ్ళం మేం. ఆ కలపడం ముందు పుట్టిన ఊళ్ళు ఏ పాటి?

నన్నెవరైనా ఉత్సవ కమిటీలో వేస్తే నాలుగు నిబంధనలు పెట్టిస్తాను. ఒకటి, ఉపన్యాసాలు సంగటి దించాకే మొదలుపెట్టాలి, ముద్ద ఆరేలోగా ముగించాలి. ఆరిన సంగటి రాయి. మాట్లాడేవాడికి ఆ సంగతి గుర్తుంటే చాలు, ఉపన్యాసం దానంతటదే పొట్టిదవుతుంది. రెండు, ఊరుబిండి రోట్లోనే నూరాలి. మిక్సీలో వేసినవాళ్ళకు బహుమతి లేదు, క్షమాపణ కూడా లేదు. మూడు, నమలకుండా ముద్ద మింగే పోటీలో అరవై దాటినవాళ్ళను చేర్చుకోకూడదు, వాళ్ళు వస్తే పోటీయే ఉండదు. నాలుగు, ఎండపూట వచ్చినవాళ్ళకు పులివెందుల చీనీకాయల రసం ఇవ్వాలి, అందులో ఐసు తక్కువ, చీనీ ఎక్కువ ఉండాలి.

ఇన్ని ఉత్సవాలు చూశాక నాకు ఒకటి అర్థమైంది. పండగ తిండి అంటూ పుట్టుకతో ఏదీ ఉండదు. రోజూ దొరకనిదే పండగ తిండి. జేజికి అన్నం దొరకలేదు, అన్నం పండగయింది. మాకు సంగటి కెలికే ఓపిక దొరకడం లేదు, సంగటి పండగయింది. కిందటి ఉగాదికి మా పిల్లలు "ఓళిగలతో పాటు సంగటి కూడా చేయండి" అన్నారు. జేజి ఉండి ఉంటే వెంటనే వాకిలి మూసేది: "పండగపూట సంగటా! ఎవురన్నా వింటే మనింట్లో బియ్యం నిండుకున్యాయనుకుంటారు!"

ఈ లెక్కన ముందుముందు ఏం జరుగుతుందో చెప్పడానికి జ్యోతిష్యం రానక్కర్లేదు. ఇంకో యాభై ఏళ్ళకు డాక్టర్లు అందరి చేతా అన్నం మాన్పించి ఉంటారు. ఇంటింటా మూడు పూటలా రాగి, కొర్ర, అండుకొర్ర. అప్పుడు గండికోటలో 'తెల్లన్నం వారసత్వ ఉత్సవం' పెడతారు. ధాన్యాగారం ముందు డిపో బియ్యం గోతాన్ని అద్దాల పెట్టెలో ఉంచి లైటు వేస్తారు. నా మనవళ్ళు వరసలో నిలబడి పిడికెడు అన్నం కొనుక్కొని చెంచాతో తింటూ, "అబ్బా, మా పూర్వీకులు ఎంత అదృష్టవంతులు!" అంటారు. అప్పటికి నేనుంటే వేదిక ఎక్కి, మేం దీన్ని దినామూ తినేటోళ్ళమని చెబుతాను. ఎవరూ నమ్మరు. పోయేవాళ్ళకు ఇప్పుడే ఒక సలహా: టికెట్టు కొనే ముందు పప్పు, నెయ్యి అందులోనే ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి. ఎన్నేళ్ళు గడిచినా అవి ఎక్స్‌ట్రానే.